వనజీవి రామయ్య గారి పేరుతో మా ఊళ్లో స్మృతివనం: ఎలా పెంచాలో చెప్పండి

వైరా_వాసు
అందరికీ నమస్కారం. మాది ఖమ్మం జిల్లా, వైరా దగ్గర చిన్న ఊరు. జీవితమంతా మొక్కలు నాటిన రామయ్య గారు 2025 ఏప్రిల్ 12న కన్నుమూసినప్పటి నుంచీ మా కుర్రాళ్లందరిలో ఒకటే మాట, ఆయన పేరు మీద ఊళ్లో ఏదో ఒకటి చేయాలని. మొన్న గ్రామసభలో చెరువు అవతల ఉన్న 2 ఎకరాల పంచాయతీ స్థలాన్ని స్మృతివనానికి ఇస్తామని ఒప్పుకున్నారు. ఆ స్థలంలో ఇప్పుడు తుమ్మలు, రేగు పొదలు, నాలుగైదు పాత వేపచెట్లు, ఒక మోదుగ గుంపు ఉన్నాయి. పెద్దల ప్లాన్ ఏంటంటే ముందు జేసీబీతో మొత్తం చదును చేయించడం, చుట్టూ కంచె, ముందు ఆర్చి, మధ్యలో రామయ్య గారి విగ్రహం, నడవడానికి టైల్స్ బాట, వచ్చే వర్ధంతికి నాయకుల్ని పిలిచి మొక్కలు నాటడం. కొంత డబ్బు కూడా పోగైంది. నాకైతే ఎక్కడో తేడాగా అనిపిస్తోంది కానీ ఏం చెప్పాలో తెలియట్లేదు. చెట్ల పని తెలిసినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు కదా, మీరైతే ఏం చేస్తారో చెప్పండి. విగ్రహం విషయంలో ఇప్పటికే ఊళ్లో టెన్షన్ ఉంది, కాబట్టి మెల్లగా చెప్పండి.

మున్నేరు_గట్టు
వాసూ, మంచి పని మొదలుపెట్టారు. నేను ఖమ్మంలో చదువుకునే రోజుల్లో రామయ్య గారిని రోడ్డు మీద చాలాసార్లు చూశాను. మెడలో "వృక్షో రక్షతి రక్షితః" అని రాసిన బోర్డు, సైకిల్‌కి ముందూ వెనకా మొక్కలు, జేబుల నిండా గింజలు. పాత డబ్బా మూతలు, పాడైపోయిన రేకులు, చక్రాల రిమ్ములు ఏది దొరికినా దాని మీద పెయింటుతో ఒక మాట రాసి తగిలించేవారు. విత్తనాలు కొనడానికి ఉన్న 3 ఎకరాలూ అమ్ముకున్న మనిషి. 2017లో పద్మశ్రీ వచ్చాక కూడా ఆ బోర్డు తీయలేదు. అలాంటి మనిషి పేరు మీద ఉన్న చెట్లు పీకించి వనం పెట్టడం ఏంటి? ముందు ఆ జేసీబీని ఆపండి. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకోవచ్చు.

గింజల_గంప
గట్టు గారి మాటే నాదీ. వాసు గారూ, మీరు తుమ్మలు, రేగు పొదలు అని తేలిగ్గా రాసేశారు గానీ ఆ నీడలోనే మీ వనం సగం తయారై ఉంది. రేగు పొద లోపలికి చేయి పెట్టి చూడండి, ముళ్ల మధ్యలో పిట్టలు వేసిన వేప మొలకలు, నేరేడు మొలకలు కనిపిస్తాయి, మేకకు అందవు కాబట్టే బతికుంటాయి. చదును చేస్తే పైమట్టి పోయి కింద మొరం తేలుతుంది, అక్కడ ఏ మొక్క పెట్టినా మూడేళ్లు కుంటుతుంది.

సూర్యాపేట జిల్లా మోతె మండలం రాఘవాపురంలో దుశర్ల సత్యనారాయణ గారు తనకు వారసత్వంగా వచ్చిన 70 ఎకరాల భూమిని అడవిగా వదిలేశారు. కొమ్మ కొట్టనివ్వరు, పండు అమ్మరు, పిట్టలకీ జంతువులకీ అని ఉంచేశారు. మీకు పెద్ద దూరం కూడా కాదు. ఆర్చి కట్టాలంటున్న పెద్దల్ని ఒక జీపులో ఎక్కించి అక్కడికి తీసుకెళ్లండి. మనం ఇక్కడ పేజీలు రాసే బదులు వాళ్లు కళ్లారా చూస్తే సరిపోతుంది.

రైతుబిడ్డ_మధిర
అందరూ భావోద్వేగంగా మాట్లాడుతున్నారు, నేను కొంచెం లెక్క మాట్లాడతా. పంచాయతీకి ఆదాయం లేకపోతే ఏ వనమూ నిలబడదు. కాపలాకి, నీళ్లకి డబ్బెక్కడిది? మన జిల్లాలో జామాయిల్, సుబాబుల్‌కి మార్కెట్ ఉంది, నాలుగైదేళ్లకు కోతకొస్తాయి. ఒక ఎకరం అవి, ఒక ఎకరం పూలూ పండ్ల చెట్లూ పెడితే వనం ఖర్చు వనమే సంపాదించుకుంటుంది. టేకు అయినా సరే.

మున్నేరు_గట్టు
అన్నా, కోతకొచ్చే చెట్టుకి రామయ్య గారి పేరు ఎట్లా పెడతాం? నాలుగేళ్లకోసారి ఆయన పేరు మీద ఉన్న తోట నరికించి లారీ ఎక్కిస్తుంటే ఊరి పిల్లలకు ఏం చెబుతాం?

కార్యదర్శి_ఒకరు
నేను వేరే జిల్లాలో పంచాయతీ కార్యదర్శిగా చేస్తున్నాను. మధిర అన్న లెక్క అడిగారు కాబట్టి చెబుతున్నా. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం పంచాయతీ బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికే కేటాయించాలి, నాటిన మొక్కల్లో 85 శాతం బతికించే బాధ్యత కూడా పంచాయతీదే. కాబట్టి డబ్బుకి దారి లేకపోలేదు, ఆ పద్దు కింద ఈ వనాన్ని చూపించమని తీర్మానంలోనే రాయించండి. గుంతలు తీయడానికి ఉపాధి హామీ పని పెట్టుకోవచ్చా అని మండల ఆఫీసులో ఇప్పుడే అడగండి, వానలు పడ్డాక అడిగితే ఎవరికీ తీరదు.

ఇంకోటి, చెరువు అవతల అన్నారు. ఆ స్థలం చెరువు శిఖంలోకి, అంటే నిండినప్పుడు నీళ్లు నిలిచే భూమిలోకి వస్తుందేమో సర్వేయర్‌తో హద్దులు కొలిపించి కాగితం మీద పెట్టుకోండి. నిండు వానల్లో నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఊళ్లో ముసలివాళ్లకి తెలుస్తుంది, వాళ్లనీ అడగండి. శిఖంలో కంచె, కట్టడం పనికిరావు. నీళ్లలో మునిగినా తట్టుకునే తెల్లమద్ది, కానుగ లాంటివైతే ఆ అంచున బతుకుతాయి.

అనుభవంతో ఒక మాట. 2015లో రాష్ట్ర ప్రభుత్వం మొక్కలు నాటే కార్యక్రమం హరితహారం మొదలైనప్పటి నుంచీ మొక్కల పని చూస్తున్నా. నాటిన రోజు ఉండే జనం ఏప్రిల్‌లో ఉండరు. మీ ప్లాన్ మొత్తంలో ఎండాకాలం నీళ్లు ఎవరు పోస్తారన్నది ఒక్కటీ లేదు.

బెంగళూరు_తెలుగువాడు
కర్ణాటక సంగతి ఒకటి చెప్పాలి. సాలుమరద తిమ్మక్క గారి గురించి అందరికీ తెలిసే ఉంటుంది, హులికల్ నుంచి కుదూరు దాకా రోడ్డు వెంట 385 మర్రిచెట్లు పెంచినావిడ, 2025 నవంబర్‌లో పోయారు. ఇక్కడ అటవీ శాఖ ఆవిడ పేరుతో చాలా చోట్ల వృక్షోద్యానాలు పెట్టింది. పిల్లలు ఆడుకోవడానికి బాగానే ఉంటాయి, కాదనను. కానీ నాకు గుర్తుండిపోయిన సంగతి వేరే. 2019లో రోడ్డు వెడల్పు పేరుతో ఆవిడ పెంచిన మర్రిచెట్లకే ముప్పు వచ్చింది, అంత వయసులో ఆవిడే ముఖ్యమంత్రిని వేడుకోవాల్సి వచ్చింది. పేరు పెట్టడం ఒక పని, ఆ పేరున్న చెట్టుని కాపాడటం ఇంకో పని.

అందుకని నా సలహా ఏంటంటే, వనం పెంచడంతో పాటు మీ చుట్టుపక్కల రామయ్య గారు నాటిన చెట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతకండి. కాలువ గట్ల మీద, గుళ్ల దగ్గర, బడుల దగ్గర ఉంటాయి కదా. వాటి లెక్క రాసిపెట్టి, రేపు ఏదైనా రోడ్డు పని వస్తే అడ్డుపడేలా ఉండండి. వాటి గింజలతోనే మీ నారు పోయండి. ఆయన చేత్తో పెట్టిన చెట్టు గింజ మీ ఊళ్లో మొలిస్తే అంతకంటే ఏం కావాలి?

గింజల_గంప
ఇది చాలా బాగుంది. దీని మీద కొంచెం ఎక్కువ రాస్తా, ఓపిక చేసుకుని చదవండి, ఎందుకంటే మొత్తం కథ ఇక్కడే ఉంది.

వర్ధంతి ఏప్రిల్ 12. ఆ రోజు ఖమ్మంలో ఎండ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ రోజు మొక్క నాటితే ఫొటో అయితే వస్తుంది, మొక్క మాత్రం రాదు. కానీ ఏప్రిల్, మే నెలలు గింజలు ఏరే కాలం. రామయ్య గారూ ఆయన భార్య జానమ్మ గారూ ఎండాకాలం చేసిన పని అదే, గింజలు ఏరడం, ఆరబెట్టడం, దాచడం. కాబట్టి వర్ధంతిని గింజల రోజుగా పెట్టుకోండి. బడి పిల్లలకు సంచులిచ్చి పంపండి. ఆ రోజుల్లో కానుగ కాయ రాలుతుంది, రేల కాయ నల్లగా ఎండి వేలాడుతుంటుంది. మోదుగ కాయ మే నెలలో అందుతుంది, బిళ్లలా పల్చగా ఉంటుంది, గాలికి ఎగిరిపోకముందే పట్టుకోవాలి. ఇప్పకాయ మే చివర నుంచి.

అన్ని గింజలూ దాచిపెట్టుకునేవి కావు. వేప, నేరేడు, ఇప్ప గింజలు రాలిన కొద్ది వారాల్లోనే సత్తువ పోగొట్టుకుంటాయి, వాటిని గుజ్జు తీసి, కడిగి, నీడన ఆరబెట్టి వెంటనే కవర్లలోనో నేలలోనో పెట్టేయాలి. పోయినేడాది వేప గింజలు ఎవరైనా ఇస్తే తీసుకోకండి. రేల గింజ దీనికి పూర్తిగా వ్యతిరేకం, ఏళ్లు నిలవుంటుంది కానీ పెంకు గట్టిది, అలాగే పాతితే నీళ్లు లోపలికి పోవు. గరుకు బండ మీద ఒక అంచు అరగదీసి రాత్రంతా నానబెడితే పొద్దునకి ఉబ్బి ఉంటుంది, ఉబ్బనివాటిని మళ్లీ అరగదీయాలి. చింతగింజ నానబెడితే చాలు. మర్రికి గింజ తిప్పలు వద్దు, చేయంత లావు కొమ్మ తొలకరిలో పాతితే చిగురేస్తుంది.

గుంతలు మే నెలలోనే తీసి ఎండనివ్వండి, అడుగున్నర లోతు, అడుగున్నర వెడల్పు. మృగశిర కార్తెలో ఒక వాన పడిందని తొందరపడకండి, ఆరుద్రలో నేల బాగా తడిశాక నాటండి.

బే_ఏరియా_పద్మ
అమెరికాలో నేను ఉండే చోట మ్యూర్ వుడ్స్ అని రెడ్‌వుడ్ చెట్ల అడవి ఉంది, మన తెలుగువాళ్లు చుట్టాలొస్తే తప్పకుండా తీసుకెళ్తారు. అది విలియం కెంట్ అనే ఆయన కొని, 1908లో దేశానికి ఇచ్చేసిన అడవి. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ నీ పేరే పెడతానంటే, ఆయన వద్దని, ప్రకృతి కోసం పోరాడిన జాన్ మ్యూర్ పేరే ఉండాలన్నాడు. నాకు ఐదుగురు కొడుకులున్నారు, వాళ్లు నిలబెట్టలేకపోతే నా పేరు పోయినా ఫర్వాలేదు అని జవాబు రాశాడట. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే వాసు, చందాలు ఇచ్చినవాళ్లు చెట్టుకొక రాతిపలక అడుగుతారు, అప్పుడే మొహమాటపడకుండా ఒక నియమం పెట్టుకోండి. వనంలో ఒకే ఒక్క పేరు ఉండాలి. మా వైపు నుంచి ఇక్కడ కొంతమందిమి కలిసి నీళ్ల ట్యాంకర్ ఖర్చు మూడు ఎండాకాలాలకు పంపుతాం, మా పేర్లేమీ అక్కర్లేదు.

నారాయణమ్మ_టీచర్
పద్మా, చల్లగా ఉండమ్మా.

విగ్రహం గురించి నేనొకటి చెబుతాను బాబూ. ఊళ్లో విగ్రహం కావాలంటున్న వాళ్లని కించపరచకండి, వాళ్లదీ అభిమానమే. కానీ ఆ డబ్బుతో ఒక పని చేయవచ్చు. రామయ్య గారు పాత రేకుల మీద రాసేవారు కదా, మన బడి పిల్లల చేత అలాగే రాయిద్దాం. ప్రతి చెట్టు రకం దగ్గర ఒక రేకు, దాని మీద ఆ చెట్టు పేరు, అది ఎప్పుడు పూస్తుంది, ఎవరికి పనికొస్తుంది. మారేడు ఆకుకి, రావి ఆకుకి తేడా తెలియకుండా పదో తరగతి పాసవుతున్నారు మా పిల్లలు, నాకు బాధగా ఉంటుంది. రేకులు తుప్పు పడితే ఏటా మళ్లీ రాస్తారు, ఆ రాయడమే చదువు. ఆయన తన మనవళ్లు, మనవరాళ్లకు కూడా చెట్ల పేర్లు, పూల పేర్లు పెట్టుకున్నారని పేపర్లో చదివాను, పిల్లలకి ఆ కథ చెప్పండి.

సివిల్_ఇంజినీర్_కేటీపీ
మియావాకీ పద్ధతిలో, అంటే రకరకాల మొక్కలు దగ్గరదగ్గరగా దట్టంగా పెడితే? మన దగ్గర యాదాద్రి మోడల్ అని ఎకరానికి 4,000 మొక్కలు పెట్టారు కదా. రెండు మూడేళ్లలో చిక్కటి అడవిలా కనిపిస్తుంది, జనానికీ నమ్మకం వస్తుంది.

కార్యదర్శి_ఒకరు
నీళ్లున్న చోట బాగా వచ్చాయి, నేనే చూశాను. కానీ 2 ఎకరాలకు 8,000 మొక్కలు, అంత నారు, అంత ఎరువు, అన్నిటికీ నీళ్లు. అదే 5 మీటర్ల ఎడంతో పెడితే 320 దాకా పడతాయి, ఉన్న చెట్లు వదిలేస్తే 250 చాలు. వారానికి మొక్కకి 15 లీటర్లు అనుకున్నా ఒక ట్రాక్టర్ ట్యాంకర్‌తో అయిపోతుంది. పద్మ గారు పంపేది దానికి సరిపోతుంది. ఊరి చేతిలో ఎంతుందో అంతే పెట్టండి, మధ్యలో జాగా మొలకలకి వదిలేయండి.

సివిల్_ఇంజినీర్_కేటీపీ
ఆ లెక్క సబబుగానే ఉంది. అయితే కంచెకైనా సిమెంటు స్తంభాలు కావాలి కదా, దానికి ఎస్టిమేట్ నేను వేసిస్తా, ఫీజు వద్దు.

గొల్లగూడెం_మల్లేష్
నేను ఇక్కడ ఎక్కువ రాయను గానీ ఇది చూసి ఆగలేకపోయిన. మాది మేకలు, గొర్లు కాసే కుటుంబం. మీరంత చెట్ల గురించి మాట్లాడుతున్నరు, కంచె గురించి మాట్లాడుతున్నరు, ఆ స్థలంలో ఇన్నాళ్లు జీవాలు మేసిన మనుషుల సంగతి ఒక్కళ్లు అడగలే. మా ఊళ్లో ఇట్లనే పార్కు అని కంచె వేసిన్రు, చెరువుకి పోయే తోవ బంద్ అయింది, మూగజీవాలు రోడ్డు మీదుగా తిరిగి పోవాల్సి వచ్చింది. అప్పటి నుంచి ఆ పార్కు అంటే మావోళ్లకు కోపమే, కంచె తెంపితే చూసినోడు చెప్పడు. తుమ్మకాయ మా మేకలకు ఎండాకాలం మేత. మేక తిని వేసిన తుమ్మగింజ మంచిగ మొలుస్తది, ఆ తుమ్మలు పెంచింది మా జీవాలే. చెట్టంటే మాకు పగ లేదు, మమ్మల్ని పిలిచి అడగండి, అంతే.

వైరా_వాసు
మల్లేష్ అన్నా, నిజంగా థాంక్స్. ఆ స్థలంలో మా ఊళ్లో కూడా ఏడెనిమిది కుటుంబాల జీవాలు మేస్తాయి. గ్రామసభలో వాళ్లెవరూ నోరు విప్పలేదు. మీరైతే ఏం అడుగుతారు?

గొల్లగూడెం_మల్లేష్
ఒకటి, చెరువుకి తోవ వదలాలె, రెండు జీవాల మందలు పక్కపక్కన పోయేటంత. రెండు, తుమ్మలు కొట్టొద్దు, రాలిన కాయ ఏరుకోనియ్యాలె. మూడు, ఒకేసారి మొత్తం మూయకుండ ఈ ఏడు ఒక ఎకరం, చెట్లు మేకకు అందనంత అయినంక ఇంకో ఎకరం. నాలుగు, కాపలాకి జీతం ఇచ్చేదుంటే మాలోనే ఒకర్ని పెట్టండి. రోజంతా అక్కడనే తిరిగేటోడికంటె ఎవరు బాగ చూస్తరు? కొత్తోడు వస్తే మధ్యాహ్నం పడుకుంటడు.

గింజల_గంప
మల్లేష్ గారి నాలుగు షరతులూ అక్షరాలా ఒప్పుకోండి వాసు గారూ, ఈ చర్చ మొత్తంలో ఇదే అసలైన సలహా. ఇంకా, బయటి వరసలో కానుగ పెట్టండి, జీవాలు దాని ఆకు పెద్దగా ముట్టవు. సిమెంటు స్తంభాల బదులు గచ్చకాయ, వాక్కాయ కలిపి కంచెగా పెంచవచ్చు. గచ్చ ముల్లు ఒకసారి గీరుకుంటే మనిషి కూడా మళ్లీ రాడు, వాక్కాయ పచ్చడికి పనికొస్తుంది. అవి ఎదిగేదాకా రెండేళ్లు రేగు కంపతో దడి కడితే చాలు.

మున్నేరు_గట్టు
దీనికి ఒకటి కలపండి. 2022లో రామయ్య గారిని ఎవరో బైక్‌తో ఢీకొట్టారు, కాలు విరిగి ఆసుపత్రిలో ఉండి కూడా ఆ మనిషి మీద కేసు వద్దు, 100 మొక్కలు నాటించండి అన్నారని పేపర్లలో వచ్చింది. మీ వనంలోనూ అదే పద్ధతి పెట్టుకోండి. ఎవరి మేక మొక్క తిన్నా, ఎవరి ట్రాక్టర్ తొక్కినా జరిమానా డబ్బు వద్దు. ఇంకో మొక్క పెట్టి రెండు ఎండాకాలాలు వాళ్లే నీళ్లు పోయాలి.

రైతుబిడ్డ_మధిర
సరే, నేను జామాయిల్ మాట వెనక్కి తీసుకుంటున్నా అనను, విడిగా ఎవరైనా సొంత పొలంలో వేసుకుంటే తప్పు లేదు. కానీ ఈ స్థలానికి మీరు చెప్పిందే సరి. ఆదాయం మాట వదలకండి, చింతపండు, కానుగ గింజ, ఇప్పపువ్వు ఏటా వేలం వేస్తే కాపలా ఖర్చులో కొంత వస్తుంది. ఇంకొక్కటి, నర్సరీ వాళ్లు ఉచితం అని కోనోకార్పస్ అనే విదేశీ మొక్క అంటగడతారు. తీసుకోకండి, గుజరాత్‌లో 2023లో దాన్ని నిషేధించారు. పిట్టకి పండు ఇవ్వదు, పశువుకి మేత కాదు, పుప్పొడితో శ్వాస ఇబ్బందులు వస్తాయన్న గోల వేరే.

వైరా_వాసు
నిన్న సాయంత్రం చెరువు దగ్గరే కూర్చుని అందరం మాట్లాడాం, మేకలు కాసే ముగ్గురు పెద్దమనుషులు కూడా వచ్చారు. జేసీబీ ఆగిపోయింది. తోవ వదులుతున్నాం, వాళ్లే కొలిచి రాళ్లు పాతారు. ఈ ఏడాది తూర్పు వైపు ఎకరం మాత్రమే. విగ్రహం మీద ఇంకా తేలలేదు, ఇద్దరు పట్టుబడుతున్నారు, నారాయణమ్మ టీచర్ గారి మాట వాళ్లకి ఫోన్‌లో చదివి వినిపించా, ఆలోచిస్తామన్నారు. సర్వేయర్‌కి అర్జీ పెట్టాం. మోదుగ గుంపు దగ్గర గింజల_గంప గారు చెప్పినట్టు పొద లోపల చూశాం, నిజంగానే వేప మొలకలు ఉన్నాయి, రెండు నేరేడు కూడా, ఒకటి అప్పుడే మోకాలెత్తు ఉంది. వాటి చుట్టూ రాళ్లు పెట్టి సున్నం గుర్తు వేశాం.

ఇప్పుడు రెండు సందేహాలు. చెదలు ఎక్కువున్న నేల, మందు కొట్టకుండా ఏం చేయాలి? గచ్చకాయలు ఎక్కడ దొరుకుతాయి?

గింజల_గంప
చెదలకి, గుంతలో పచ్చి పేడ వేయకండి, బాగా మాగిన ఎరువే వేయండి. వేపపిండి గుంతకి రెండు దోసిళ్లు కలపండి. ఎండు ఆకు మొక్క మొదలుకి ఆనించకుండా జానెడు ఎడంగా పరవండి. నీళ్ల తడి ఉన్న మొక్కని చెదలు తొందరగా పట్టవు, ఎండిపోతున్నదాన్నే ముందు పడతాయి.

నారాయణమ్మ_టీచర్
గచ్చకాయలు మా పెరటి దడిలో బోలెడున్నాయి బాబూ. పెంకు చాలా గట్టిది, ఒక వైపు అరగదీసే నానబెట్టాలి. శనివారం మా మనవడితో వైరా బస్టాండుకి పంపిస్తాను, సంచి తెచ్చుకోండి.

గొల్లగూడెం_మల్లేష్
వాసన్నా, దడి కట్టే రోజు చెప్పు, మేం నలుగురం వస్తం. రేగు కంప కొట్టడానికి కత్తులు మావే తెస్తం.